తమ్ముడు నిద్రలో పోయాడు, చెల్లెలికి మెదడులో కణితి: ఇద్దరి ఫిట్స్‌లో ఉన్న ప్రమాదం ఒకటేనా?

ప్రొద్దుటూరు అక్క:

అందరికీ నమస్కారం. మాది ప్రొద్దుటూరు. హైస్కూల్లో లెక్కలు చెప్తాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా తమ్ముడికి పదిహేనో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. పదో తరగతి పరీక్షలకు వారం ముందు మొదటిసారి వచ్చింది. అప్పటి నుంచి తొమ్మిదేళ్లు వాల్ప్రోయేట్ మాత్రలు, పొద్దునొకటి, రాత్రొకటి. తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. నెలకో రెండు నెలలకో ఒక పెద్ద ఫిట్ వచ్చేది, అదీ ఎక్కువగా నిద్ర పట్టిన గంట, రెండు గంటలకే. ఎర్రగుంట్ల దగ్గర బండల పాలిష్ యూనిట్లో పద్దులు రాసేవాడు. మిషన్ల దగ్గరికి పంపొద్దని మా నాయన ఓనరును బతిమాలి ఆ పని ఇప్పించాడు. బావి దగ్గరికి పోవద్దు, బండి నడపొద్దు, మిషన్ ముట్టుకోవద్దు. మేము భయపడినవన్నీ ఇవే. మంచం గురించి భయపడాలని మాకు తెలియదు.

రెండేళ్ల కిందట మార్చి నెల. ఒక గురువారం పొద్దున ఆరున్నర దాటినా వాడు కిందికి దిగలేదు. మిద్దె మీది గదిలో ఒక్కడే పడుకునేవాడు. ఫోన్‌లో అలారం మోగుతూనే ఉంది. అమ్మ కింది నుంచి రెండుసార్లు కేకేసి, నన్ను పంపింది. బోర్లా పడుకుని ఉన్నాడు, ముఖం దిండులోకి దిగిపోయి. భుజం పట్టుకుని తిప్పితే చల్లగా తగిలింది. నాలుక పక్కన పళ్లు దిగిన గాటు. దుప్పటి తడి.

చొక్కా జేబులో మాత్రల స్ట్రిప్పు, దాంతో పాటే మందుల షాపు బిల్లు. పది మాత్రల్లో నాలుగు మిగిలున్నాయి. సోమవారం పొద్దున కొన్నది. సోమ, మంగళ, బుధ, రోజుకు రెండు చొప్పున ఆరు. సరిపోయింది. ఆ రాత్రి మాత్ర కూడా వేసుకునే పడుకున్నాడు. ఆ లెక్క ఎన్ని రాత్రులు వేశానో నాకే తెలియదు. మాత్ర మరిచిపోయి పోయాడు అని ఎవరన్నా అంటే ఆ స్ట్రిప్పు తీసి చూపిస్తాను. అమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టింది.

దగ్గర్లో ఉన్న డాక్టరు వచ్చి చూసి గుండె ఆగిపోయిందన్నాడు. పోస్టుమార్టం మాట వచ్చింది గానీ, పిల్లోన్ని కోయనియ్యం అన్నారు పెద్దవాళ్లు. నేనూ వద్దనే అన్నాను. మున్సిపాలిటీలో నమోదు చేయించినప్పుడు కూడా గుండెపోటనే చెప్పారు. ఇరవై నాలుగేళ్ల పిల్లోడికి గుండెపోటు!

ఏడాది తర్వాత ఫోన్‌లో వెతుకుతుంటే సుడెప్ అనే మాట కనబడింది. మూర్ఛ ఉన్న మనిషి, వేరే కారణం ఏమీ దొరక్కుండా, ఉన్నట్టుండి చనిపోవడం. ఎక్కువగా నిద్రలో, బోర్లా పడుకుని. చదువుతుంటే మా తమ్ముడి గదిలో నిలబడినట్టే ఉంది. తొమ్మిదేళ్లలో నలుగురు డాక్టర్లకు చూపించాం. ఒక్కరి నోటి నుంచీ ఆ మాట రాలేదు.

ఇప్పుడు అసలు అడగాల్సింది. మా చిన్నమ్మ కూతురు ఆదోనిలో ఉంటుంది, ముప్ఫై ఒకటేళ్లు. నిరుడు ఆరేడు నెలల పాటు ఉన్నట్టుండి “ఎవరన్నా పాలు మాడబెట్టినారా?” అని అడిగేది. పొయ్యి మీద ఏమీ ఉండేది కాదు. అర నిమిషం ఎటో చూస్తూ గుటకలు మింగేది, మళ్లీ మామూలు. నీరసమనుకున్నాం, తాయెత్తు కూడా కట్టించారు. ఒకరోజు బియ్యం చెరుగుతూ చెరుగుతూ చేట మీదే పడిపోయింది. ఎంఆర్ఐ తీస్తే మెదడు ఎడమ పక్క, కణత లోపలి భాగంలో కణితి. బెంగళూరులో ఆపరేషన్ అయింది. మాటకు సంబంధించిన చోటు దగ్గర కొంచెం వదిలేశామన్నారు. రిపోర్టులో గ్రేడు 2 గ్లయోమా (మెదడు కణాల్లోనే పుట్టే, నెమ్మదిగా పెరిగే రకం కణితి అట), ఐడీహెచ్ మ్యుటేషన్ ఉంది అని రాశారు. లెవెటిరాసెటమ్ అనే ఫిట్స్ మాత్ర వాడుతోంది. అయినా నెలకు రెండుసార్లు ఫిట్స్ వస్తున్నాయి. అందులో ఒకటి రాత్రిపూట.

నాకు కావలసినవి రెండు. కణితి వల్ల వచ్చే ఫిట్స్‌లో కూడా మా తమ్ముడికి జరిగినట్టు జరుగుతుందా? జరిగేటట్టయితే చెల్లెలికి చెప్పాలా వద్దా? మరిది మాత్రం “ఉన్న టెన్షన్ చాలు వదినా, ఆ మాట దాని చెవిన వేయొద్దు” అంటున్నాడు. నాకు మాత్రం తొమ్మిదేళ్లు ఎవరూ చెప్పకపోవడమే కళ్ల ముందు కనిపిస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.


కర్నూలు సిస్టర్:

అక్కా, నేను కర్నూలులో న్యూరో వార్డులో స్టాఫ్ నర్సును, పదకొండేళ్లుగా. మీరు రాసింది డ్యూటీ దిగి బస్సులో చదివాను. ముందు ఒక మాట. మీ తమ్ముడు మాత్ర వేసుకున్నాడు, మీరు చూసుకున్నారు. మీ తప్పేమీ లేదు.

పోస్టుమార్టం లేదు కాబట్టి ఖాయంగా అదే అని ఎవరూ రాసివ్వలేరు. పరిశోధనల్లో ఇలాంటి మరణాన్ని “సుడెప్ అయి ఉండవచ్చు” అనే వరుసలో వేస్తారు. కానీ మీరు చెప్పిన నాలుక గాటు, తడిసిన దుప్పటి, బోర్లా ఉండటం, రాత్రి వేళ, ఇవన్నీ ఆ వైపే చూపిస్తున్నాయి.

ఇది ఎలా జరుగుతుందో 2013లో కొంత తేలింది. ఫిట్స్ రికార్డు చేయడానికి పేషెంట్లను వైర్లు పెట్టి పడుకోబెట్టే వార్డులు ఉంటాయి కదా, చాలా దేశాల్లో అలాంటి వార్డుల నుంచి రికార్డులు తెప్పించి చూశారు. అక్కడే, పరికరాలు తగిలించి ఉండగానే 16 మంది ఇలా పోయారు, వాళ్లలో 14 మంది రాత్రిపూట. పది మందికి గుండె, శ్వాస రికార్డులు దొరికాయి. అందరిలోనూ ఒకటే వరుస. ముందు ఒళ్లంతా కొట్టుకునే పెద్ద ఫిట్. అది ఆగాక ఊపిరి గబగబా. మూడు నిమిషాల లోపే ఊపిరి, గుండె రెండూ తడబడటం. కొందరిలో కొద్దిసేపు తేరుకున్నట్టయి మళ్లీ పడిపోయింది. ముందు ఊపిరి పూర్తిగా ఆగింది, ఆ తర్వాతే గుండె. ఫిట్ అయిపోయిన 11 నిమిషాల లోపే ఊపిరి అలా ఆగిపోయింది. కాబట్టి మీ ఊరి డాక్టరు గుండె ఆగిందనడం అబద్ధం కాదు, కానీ అది కడపటి మాట. మొదటి మాట ఫిట్, రెండోది ఊపిరి.

ఇది చదివాకే నేను వార్డులో పద్ధతి మార్చుకున్నాను. ఇదివరకు ఫిట్ ఆగగానే అమ్మయ్య అనుకుని చార్టు రాయడానికి పోయేదాన్ని. ఇప్పుడు మంచం పక్కనే నిలబడి ఛాతీ కదలిక చూస్తాను, పావుగంట, ఇరవై నిమిషాలు. పక్కకు తిప్పి పడుకోబెడతాను. భుజం తట్టి పేరు పెట్టి పిలుస్తాను, నోట్లో చొంగ ఉంటే తుడుస్తాను. ఇంట్లో వాళ్లు చేయాల్సిందీ ఇంతే. ఊపిరి కనబడకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టి 108కి ఫోన్ చేయమనండి. ఫిట్ ఐదు నిమిషాలు దాటినా, ఒకదాని నుంచి తేరుకోకముందే ఇంకొకటి వచ్చినా 108కి చేయాల్సిందే. ఫిట్‌ను ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే దొరుకుతుంది, డాక్టరు చేత రాయించుకుని ఇంట్లో పెట్టుకోవాలి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ముక్కు దగ్గర ఎర్రగడ్డ వాసన చూపించడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం దయచేసి మానేయమనండి. ఆ హడావిడిలో మనిషిని పక్కకు తిప్పడం మరిచిపోతారు.

ఎంత ప్రమాదమో కూడా చెప్తాను, లేకపోతే భయమే మిగులుతుంది. 2017లో అమెరికా న్యూరాలజీ డాక్టర్ల సంఘాలు లెక్కలన్నీ కలిపి చూసి, మూర్ఛ ఉన్న పెద్దవాళ్లలో ఏడాదికి వెయ్యి మందిలో ఒకరు ఇలా పోతారన్నాయి. పిల్లల్లో 4,500 మందిలో ఒకరు. కానీ ఈ లెక్క అందరికీ ఒకేలా పడదు. ఏడాదికి మూడు, అంతకంటే ఎక్కువ పెద్ద ఫిట్స్ వచ్చేవాళ్లకు ప్రమాదం పదిహేను రెట్లు. స్వీడన్‌లో 255 మరణాలను తీసుకుని 2020లో ఇంకో పరిశోధన వచ్చింది. పెద్ద ఫిట్స్ ఉండి, గదిలో తోడు లేకుండా పడుకునేవాళ్లలో ప్రమాదం, ఈ రెండూ లేనివాళ్లతో పోలిస్తే, 67 రెట్లు ఉందని తేలింది. పెద్ద ఫిట్స్‌ను ఆపగలగడం, గదిలో ఒక మనిషి ఉండటం. ఇప్పటికి మన చేతిలో ఉన్నవి ఈ రెండే.

ఆ 2017 మార్గదర్శకాల్లోనే పేషెంటుకు, ఇంట్లో వాళ్లకు ఈ సంగతి చెప్పాలని రాశారు. ఓపీలో ఒక్కో పేషెంటుకు దొరికేది రెండు మూడు నిమిషాలు, నిజమే. అయినా చెప్పాల్సిందే. మీ ఇంట్లో చెప్పకపోవడం పెద్ద లోటు అక్కా, ఒక నర్సుగా నాకు బాధగా ఉంది.

మీ చెల్లెలి కణితి సంగతి నాకంటే తెలిసినవాళ్లు చెప్తే బాగుంటుంది. ఒకటి మాత్రం అడుగుతాను. ఆమెకు కోపం ఎక్కువైందా? లెవెటిరాసెటమ్ కొందరిలో చిరాకు, కోపం, దిగులు తెస్తుంది. ఇంట్లో వాళ్లు మనిషి మారిపోయిందనుకుంటారు, ఆమె మాత్రలు ఎగ్గొట్టడం మొదలుపెడుతుంది. అలా ఉంటే డాక్టరుకు చెప్పి మార్పించుకోవాలి గానీ ఉన్నట్టుండి ఆపకూడదు.


గుంతకల్లు నాన్న:

మేడమ్, నేను రైల్వేలో చేస్తాను. మా పాపకు పద్నాలుగేళ్లు, ఫిట్స్ ఏడో ఏట నుంచి. మాకు డాక్టరు ఈ సంగతి చెప్పినాడు. నాలుగేళ్ల కిందట, పాప ముందరే చెప్పినాడు.

నేను మీతో ఒక విషయంలో ఏకీభవించలేను. చెప్పడం మంచిదే, కానీ చెప్పిన తర్వాత ఏం జరుగుతుందో కూడా ఆలోచించండి. ఆ రోజు నుంచి మా ఆవిడ ఏడాది పాటు సరిగ్గా నిద్రపోలేదు. రాత్రి గంటకొకసారి లేచి పాప ముక్కు కింద వేలు పెట్టి చూసేది. పాప స్కూల్లో ఒక వ్యాసంలో “నేను రాత్రి చచ్చిపోవచ్చు” అని రాసింది. టీచరు మమ్మల్ని పిలిపించినారు. ఆ కాగితం నా దగ్గరే ఉంది.

తర్వాత వేరే డాక్టరమ్మ దగ్గరికి పోయినాం. ఆమె పాపను కూర్చోబెట్టి, నీ వయసు పిల్లలు 4,500 మందిని తీసుకుంటే ఏడాదిలో 4,499 మందికి ఏమీ కాదమ్మా, ఆ ఒక్కరు నువ్వు కాకుండా ఉండటానికి మనం ఇవి ఇవి చేస్తాం అని చెప్పింది. అంకె అదే మేడమ్. చెప్పిన తీరే వేరు. ఇప్పుడు పాప మాత్రలు తానే గుర్తుపెట్టుకుని వేసుకుంటుంది. నైట్ డ్యూటీ లేని రోజు నేను, ఉన్న రోజు వాళ్లమ్మ అదే గదిలో పడుకుంటాం. ఈ మధ్య పాప నాకూ సొంత గది కావాలంటోంది. దానికి ఏం చెప్పాలో ఇంకా తెలియడం లేదు.

మీ మరిదిని తప్పు పట్టొద్దు. ఆయన భయం నాకు తెలుసు. ముందు ఆయనకు చెప్పండి, ఆ తర్వాత ఆమెకు.


కడప వాసి 81:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, పోయిన నెల ఫిట్స్ వచ్చాయి. స్కానులో 12 మిల్లీమీటర్ల మచ్చ ఉందన్నారు. ఇది కూడా ట్యూమరేనా? రెండు రోజులుగా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.


కర్నూలు సిస్టర్:

అన్నా, ముందు అన్నం తినండి. నేను రిపోర్టు చూడలేదు, డాక్టరు చెప్పిందే లెక్క. కానీ మన దేశంలో పిల్లలకు ఫిట్స్‌తో పాటు చిన్న మచ్చ ఒకటి కనబడితే, అది బద్దెపురుగు తిత్తి అయ్యే అవకాశమే చాలా ఎక్కువ. పంది మాంసం తిన్న మనిషి కడుపులో పెరిగే బద్దెపురుగు గుడ్లు మలంతో బయటికొచ్చి, శుభ్రంగా కడగని ఆకుకూర ద్వారా, నీళ్ల ద్వారా, చేతుల ద్వారా లోపలికి పోయి మెదడులో తిత్తి కడతాయి. మాంసం ముట్టని ఇళ్లలో కూడా వస్తుంది. 1980లలో ఇలాంటి మచ్చలను క్షయ గడ్డలనుకుని నెలల తరబడి టీబీ మందులు ఇచ్చేవాళ్లు. మన రాయలసీమ వాళ్లంతా పోయే వెల్లూరు సీఎంసీలోనే చాందీ, రాజశేఖర్ అనే డాక్టర్లు ఆ మచ్చలను తీసి పరీక్షించి, ఎక్కువ భాగం పురుగు తిత్తులేనని 1989 నుంచి వరుసగా చూపించారు. 20 మిల్లీమీటర్లకు లోపు, గుండ్రంగా, మెదడును పక్కకు నెట్టకుండా ఉంటే అది తిత్తి అనుకోవడానికి బలమైన ఆధారమని కొలత పెట్టింది కూడా వాళ్లే. మీ డాక్టరును ఈ మాట పెట్టి అడగండి. ఫిట్స్ మాత్ర మాత్రం ఒక్క పూట కూడా ఆపొద్దు.


కడప వాసి 81:

సిస్టర్, రేపే పోతున్నాం. మీకు దండాలు.


ధర్మవరం అబ్బాయి:

అక్కా, నాది ధర్మవరం. బెంగళూరులో మెదడు కణుతుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. డాక్టర్ని కాను, ల్యాబులో పనిచేసేవాణ్ని. మందుల సంగతి మీ డాక్టర్లనే అడగండి. పరిశోధన ఎక్కడిదాకా వచ్చిందో చెప్పగలను.

మీ చెల్లెలికి వచ్చిన ఆ మాడిన వాసనే ఫిట్. పడిపోవడం తర్వాత వచ్చింది. కణత వెనక, మెదడు లోపలి అంచులో వాసనకు సంబంధించిన చోటు ఉంటుంది. అక్కడ మొదలయ్యే ఫిట్స్‌లో లేని వాసన రావడం, గుటకలు మింగడం, ఎటో చూస్తుండిపోవడం ఉంటాయని 19వ శతాబ్దం చివర్లోనే లండన్ డాక్టరు హ్యూలింగ్స్ జాక్సన్ రాశాడు. ఆ ఆరేడు నెలలు కణితి అలా చెప్తూనే ఉంది. అది మీకు తెలిసే దారి లేదు, ఆ వాసన నిజంగా పొయ్యి దగ్గర నుంచి వచ్చిందేమోననే ఎవరైనా చూస్తారు.

నెమ్మదిగా పెరిగే గ్లయోమాల్లో నూటికి 60 నుంచి 90 మందికి ఫిట్స్ వస్తాయి. వేగంగా పెరిగే గ్లయోబ్లాస్టోమాలో అంతమందికి రావు. వినడానికి తిరగబడినట్టు ఉంటుంది. కారణాల్లో ఒకటి మీ రిపోర్టులోనే ఉంది, ఆ ఐడీహెచ్. అది కణంలో ఒక ఎంజైమ్. కొన్ని గ్లయోమాల్లో దాని జన్యువు మారి ఉంటుందని 2008లో బయటపడింది. మారిన ఎంజైమ్ 2-హైడ్రాక్సీగ్లూటరేట్ అనే పదార్థాన్ని కుప్పలుగా తయారుచేస్తుంది. అది చూడ్డానికి గ్లూటమేట్‌లా ఉంటుంది. గ్లూటమేట్ అంటే మెదడులో ఒక నరకణం ఇంకోదాన్ని “లే, పని చేయి” అని తట్టే సంకేతం. దొంగ తాళంచెవి అసలు తాళాన్ని తీసినట్టు, ఈ పదార్థం చుట్టుపక్కల మామూలు నరకణాలను రెచ్చగొడుతుందని 2017లో ల్యాబుల్లో చూశారు. ఫిట్ మొదలయ్యేది కణితి నడిమధ్యలో కాదు, దాని గట్టు మీద, బతికున్న మెదడులో. అందుకే కొంచెం మిగిలిపోయినా ఫిట్స్ మిగులుతాయి. ఎంత ఎక్కువ తీయగలిగితే అంత బాగా తగ్గుతాయి. మాట పోతుందన్న చోట వదిలేశారంటే, అది సర్జన్ ఆలోచించి చేసిన పనే.

నేను ఈ దారిలోకి రావడానికి కారణమైన సంగతి ఒకటుంది. 2019లో స్టాన్‌ఫర్డ్‌లో మిషెల్ మోంజే బృందం, జర్మనీలో హైడెల్‌బర్గ్ బృందం ఒకేసారి చూపించాయి. గ్లయోమా కణాలు నరకణాలతో సైనాప్సులు కట్టుకుంటాయి. నరకణానికి నరకణానికి మధ్య ఉండే లాంటి కలయికే, కణితి కణానికీ ఉంటుంది. నరకణం తట్టినప్పుడల్లా ఆ విద్యుత్తు తాగి కణితి పెరుగుతుంది, పెరిగిన కణితి గ్లూటమేట్ వదిలి నరకణాన్ని మళ్లీ రెచ్చగొడుతుంది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంతవరకు ఫిట్స్ కణితి వల్ల వచ్చే ఒక లక్షణం మాత్రమే, కణితిని చూసుకుంటే చాలనుకునేవాళ్లం. ఇప్పుడు ఆ గ్లూటమేట్ ద్వారాన్ని మూసే పెరాంపానెల్ అనే ఫిట్స్ మాత్ర కణితి మీద కూడా పనిచేస్తుందేమో చూడటానికి జర్మనీలో పరీక్ష మొదలుపెట్టారు. ఆశ ఎక్కువ పెట్టుకోమని చెప్పను. ఇంతకు ముందు వాల్ప్రోయేట్, లెవెటిరాసెటమ్ గ్లయోబ్లాస్టోమా ఉన్నవాళ్ల ఆయుష్షు పెంచుతాయని చాలామంది నమ్మారు. 1,869 మంది రికార్డులు కలిపి 2016లో చూస్తే ఆ మేలేమీ కనబడలేదు. ఫిట్స్‌ను ఆపుతాయి, అది చాలు.

ఐడీహెచ్ మారిన గ్రేడు 2 వాళ్లకు మాత్రం నిజంగా కొత్త సంగతి ఉంది. వోరాసిడెనిబ్ అనే మాత్ర ఆ మారిన ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది. 331 మందిపై పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. మందు లేని ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లలో కణితి మళ్లీ పెరగడానికి పట్టిన మధ్యస్థ కాలం 11.1 నెలలు, ఈ మాత్ర వేసుకున్నవాళ్లలో 27.7 నెలలు. 2024 ఆగస్టులో అమెరికా అనుమతించింది. ఆ పరీక్షలో ఉన్నవాళ్లు ఆపరేషన్ అయి, ఇంకా రేడియేషన్, కీమో తీసుకోనివాళ్లు. మీ చెల్లెలికి సరిపోతుందో లేదో బెంగళూరు డాక్టరును పేరు పెట్టి అడగండి.

ఇక మీ మొదటి ప్రశ్న. ఊపిరి ఆగే ఆ వరుస పెద్ద ఫిట్ తర్వాత వస్తుంది. ఆ ఫిట్ పురుగు తిత్తి వల్ల వచ్చిందా, కణితి వల్ల వచ్చిందా, కారణమే తెలియకుండా వచ్చిందా అని అది చూడదు. కాబట్టి మీ చెల్లెలి విషయంలో ముందు తేలాల్సింది, నెలకు వచ్చే ఆ రెండూ వాసన, గుటకల దగ్గరే ఆగుతున్నాయా, ఒళ్లంతా కొట్టుకుంటోందా అన్నది. రాత్రి వచ్చే ఫిట్‌ను ఫోన్‌లో వీడియో తీస్తే డాక్టరుకు చాలా పనికొస్తుంది.

ఇంకొకటి చెప్పాలి, భయపెట్టడానికి కాదు. 2015లో అయోవా యూనివర్సిటీలో, ఆపరేషన్‌కు ముందు మెదడు లోపల ఎలక్ట్రోడ్లు పెట్టిన పేషెంట్లలో, అమిగ్డలా అనే చిన్న ముద్దను విద్యుత్తుతో తాకితే ఊపిరి ఆగింది. ఊపిరి ఆగిన సంగతే ఆ పేషెంట్లకు తెలియలేదు. ఫిట్ ఆ చోటికి పాకినప్పుడూ అంతే. అమిగ్డలా ఉండేది మీ చెల్లెలి కణితి ఉన్న ఆ కణత లోపలి భాగంలోనే. కాబట్టి ఊపిరి ఆడటం లేదని ఆమె చెప్తుందని ఎదురుచూడొద్దు. చూసేవాళ్లే చూడాలి.

కణితి ఉన్న మనిషి నిద్రలో పోతే కణితి వల్ల పోయాడని రాసి మూసేస్తారు. మూర్ఛ ఉన్న మనిషి పోతే మీ తమ్ముడిలాగే గుండెపోటు. రెండు వైపులా ఆ మరణం లెక్కలోకి రాకుండా పోతుంది, లెక్కలో లేని దాని మీద పరిశోధన ఎలా జరుగుతుంది? అమెరికా, కెనడాలకు కలిపి ఇలాంటి మరణాలకు 2011లో ఒక రిజిస్ట్రీ మొదలుపెట్టారు, కుటుంబాలే ఫోన్ చేసి చెప్పేలా. మన బెంగళూరు నిమ్హాన్స్‌లో 1995 నుంచి మెదడు బ్యాంకు ఉంది. కుటుంబం ఒప్పుకుంటే చనిపోయినవారి మెదడును పరిశోధన కోసం తీసుకుంటారు. పోస్టుమార్టం వద్దన్నారని మిమ్మల్ని అనడం లేదు అక్కా. మా తాత పోయినప్పుడు ఇదే మాట నేనూ మా ఇంట్లో ఎత్తలేకపోయాను.


ప్రొద్దుటూరు అక్క:

అందరివీ రెండు మూడు సార్లు చదివాను. వెంటనే రాయలేకపోయాను. “మొదటి మాట ఫిట్, రెండోది ఊపిరి” అని సిస్టర్ రాసిన వాక్యం అమ్మకు చదివి వినిపించాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. “అయితే పక్కన పడుకుని ఉంటే తిప్పేదాన్ని కదా” అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ అమ్మకు చెప్పి తప్పు చేశానని అనుకోవడం లేదు. రెండేళ్లుగా ఆమె వాడి గుండెకు ఏమైందో అనుకుంటూ ఉంది, పొద్దున టిఫిన్‌లో నూనె ఎక్కువ వేశానా అని కూడా అడిగింది నన్ను.

గుంతకల్లు అన్నా, మీరు చెప్పినట్టే ముందు మరిదితో మాట్లాడుతాను. మీ పాప కాగితం సంగతి మనసులో నుంచి పోవడం లేదు.


ప్రొద్దుటూరు అక్క (మూడు వారాల తర్వాత):

చెప్పాను కదా, ఏమైందో కూడా రాయాలి.

పోయిన ఆదివారం ఆదోని పోయాను. మరిదిని మిద్దె మీదికి తీసుకుపోయి ముందు ఆయనకు చెప్పాను. వెయ్యిలో ఒకరు, పెద్ద ఫిట్స్ ఉంటే ఎక్కువ, పక్కన మనిషి ఉంటే తక్కువ, ఈ వరుసలోనే చెప్పాను. ఆయన పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాడు. “నేను వరండాలో పడుకుంటున్నాను వదినా, దానికి కోపం ఎక్కువైందని” అన్నాడు. సిస్టర్, మీరు అడిగిన కోపం ఇదే. మూడు నెలలుగా గిన్నెలు విసరడం, పిల్లోన్ని కొట్టడం, తర్వాత కూర్చుని ఏడవడం. దాన్ని అందరూ కణితి అనుకున్నారు, ఆమె కూడా. కణితి మళ్లీ పెరిగిందేమోనని లోలోపల వణికిపోతూ ఎవరికీ చెప్పలేదట. మాత్ర వల్ల కూడా కావచ్చని చెప్తే నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

తర్వాత చెల్లెలికి చెప్పాను, వంటింట్లో. అనపకాయలు ఒలుస్తోంది. అంతా విని ఒకటే అడిగింది, “అన్న ఆ రోజు బోర్లా ఉన్నాడా?” అవునన్నాను. “నేనూ బోర్లానే పడుకుంటా అక్కా, చిన్నప్పటి నుంచి” అంది. మళ్లీ కాయలు ఒలవడం మొదలుపెట్టింది. కాసేపటికి, “తొమ్మిదేళ్లు నీకెవరూ చెప్పలేదు, నాకు నువ్వు చెప్పినావు” అంది.

రాత్రి ఫిట్ వీడియో మరిది తీశాడు. ఒళ్లంతా కొట్టుకుంటోంది. అది తీసుకుని బుధవారం బెంగళూరు పోయి వచ్చారు. లెవెటిరాసెటమ్ కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఇంకో మాత్ర మొదలుపెట్టారు. వోరాసిడెనిబ్ పేరు అడిగితే, రిపోర్టులు కమిటీలో పెట్టి చెప్తామన్నారు. మిడజోలమ్ స్ప్రే రాయించుకున్నారు. ఆదోనిలో దొరకలేదు, కర్నూలు నుంచి తెప్పించాం. ఒకటి ఇంట్లో, ఒకటి ఆమె పనిచేసే టైలరింగ్ షాపులో.

మంచం గోడ దగ్గర నుంచి గది మధ్యకు లాగారు, ఎటు వైపు నుంచైనా తిప్పడానికి వీలుగా. మెత్తటి దిండు తీసేశారు. మరిది వరండా నుంచి లోపలికి వచ్చేశాడు.

ధర్మవరం తమ్ముడూ, ఒక సాయం చేయాలి. మెదడు బ్యాంకుకు ముందుగా పేరు రాయించుకోవాలంటే ఏం కాగితాలు కావాలో కనుక్కుని చెప్పు. నా పేరుకే. నాకు ఏ జబ్బూ లేదు, మామూలు మెదడు కూడా పోల్చి చూడటానికి కావాలంటారు కదా. నాయనతో ఇంకా మాట్లాడలేదు, కాగితాలు చేతికి వచ్చాక మాట్లాడతాను.